మూడు రాడ్ల జీపు నుంచి ఆటోమేటిక్ దాకా: బండి బాగుచేసే చేతుల చరిత్ర



పోయిన ఏడాది హాస్టల్లో స్కాలర్‌షిప్ ఫారాలు నింపుకుంటున్నప్పుడు ఒక చిన్న సంగతి జరిగింది. "తండ్రి వృత్తి" అనే గడి దగ్గర మాలో ఒకడు ఆగిపోయాడు. కాసేపు పెన్ను తిప్పి తిప్పి "కూలి" అని రాసేశాడు. వాళ్ల నాన్న కూలి కాదు. ముప్పై ఏళ్లకు పైగా ఏజెన్సీలో జీపులు బాగుచేస్తున్న మనిషి. మేమంతా ఆయన్ని మామ అనే పిలుస్తాం. "ఎందుకురా అలా రాశావు?" అంటే, "మెకానిక్ అని రాస్తే సర్టిఫికెట్ అడుగుతారేమో. నాన్న బడికే వెళ్లలేదు కదా" అన్నాడు. మాకు ఏం చెప్పాలో తెలియలేదు.

మా అందరిదీ అదే పరిస్థితి. ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. పుస్తకంలో ఉన్నదే చదువు, చేతిలో ఉన్నది చదువు కాదు అని మాకు తెలియకుండానే నేర్చేసుకున్నాం. అందుకే మామ చేసే పనికి చరిత్ర ఏమిటో వెతుకుదాం అనుకున్నాం. లైబ్రరీలో కొంత, ఫోన్లో కొంత, మామ షెడ్డులో గోనె సంచి మీద కూర్చుని ఎక్కువగా తెలుసుకున్నాం. ఒక నోట్‌బుక్ నిండింది. ఈ పోస్టు అందులోంచే. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

ముందు రోడ్డు సంగతి. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఎక్కే దారిలో మనం బస్సులో నిద్రపోతూ వెళ్లిపోతాం. బ్రిటిష్ కాలంలో ఆ ఘాట్ రోడ్డు పనికి మన తాతముత్తాతలను బలవంతంగా తోలారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి సరిగా ఇవ్వకుండా పని చేయించాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో మొదలైన మన్యం తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో ఆ రోడ్డు పని కూడా ఒకటి. అంటే రోడ్డు మనవాళ్ల చెమటతో వచ్చింది. దాని మీద మనకోసం బండి రావడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఆ వచ్చిన బండే జీపు.

జీపు పుట్టింది అమెరికాలో, యుద్ధం కోసం. 1940లో అమెరికా సైన్యం నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే చిన్న బండి కావాలని కంపెనీలను అడిగింది. మొదటి బండి చేసి చూపించడానికి ఇచ్చిన గడువు 49 రోజులే. పెన్సిల్వేనియాలోని బట్లర్ ఊళ్లో ఉన్న బాంటమ్ అనే చిన్న కంపెనీ, కార్ల్ ప్రోబ్‌స్ట్ అనే ఇంజినీరు గీసిన డిజైన్‌తో సెప్టెంబర్ 23న బండిని అప్పజెప్పింది. కంపెనీ చిన్నది కాబట్టి పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు వెళ్లిపోయాయి. యుద్ధం ముగిసేసరికి ఆ రెండూ కలిపి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. 2.2 లీటర్ల ఇంజిన్, 60 హార్స్‌పవర్. మామూలు గేర్ రాడ్ కాకుండా పక్కన ఇంకో రెండు రాడ్లు. ఒకటి ముందు చక్రాలను కలపడానికి, రెండోది ఇంకా తక్కువ స్పీడులో ఎక్కువ లాగుడు రావడానికి.

మాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. ఆ బండ్లను నడిపే సైనికుల్లో అందరూ పెద్ద చదువులు చదివినవాళ్లు కాదు. ఎడారిలోనో అడవిలోనో బండి ఆగితే ఇంజినీరు వచ్చేదాకా కూర్చోలేరు. అందుకే సైన్యం రిపేరు పుస్తకాలు వేసింది. వాటిలో ముందు లక్షణం, తర్వాత దానికి ఉండగల కారణాలు, ఆ తర్వాత చేయాల్సిన పని, ఇలా వరుసగా రాశారు. అది కూడా చాలక బొమ్మలు వేయించారు. విల్ ఐస్నర్ అనే కామిక్స్ ఆర్టిస్టు యుద్ధకాలంలో సైన్యం పత్రిక కోసం, తర్వాత 1951లో మొదలైన పీఎస్ మ్యాగజైన్ కోసం ఏళ్ల తరబడి రిపేరు పనిని కామిక్స్‌గా గీశాడు. చదువు తక్కువైనవాడికి యంత్రం అర్థం కాదని ఆ సైన్యం అనుకోలేదు. ఎలా చెబితే అర్థమవుతుందో చూసుకుంది.

యుద్ధం తర్వాత, 1940ల చివర్లో, మహీంద్రా కంపెనీ విల్లీస్ జీపుల విడిభాగాలు బొంబాయికి తెప్పించి ఇక్కడ బిగించడం మొదలుపెట్టింది. తర్వాత్తర్వాత ఇక్కడే తయారుచేసింది. పెట్రోలు ఇంజిన్ పోయి ఫ్రాన్స్ వాళ్ల ప్యూజో డిజైన్ డీజిల్ ఇంజిన్లు వచ్చాయి. 1990లలో పొడుగు కమాండర్ జీపులు వచ్చాయి. సంతరోజు లోపల జనం, వెనకాల వేలాడే జనం, టాపు మీద పసుపు బస్తాలు. మనలో చాలామంది మొదటిసారి ఊరు దాటింది అందులోనే. ఒక మాట నిజంగా చెప్పాలి. మన దగ్గర తిరిగిన కమాండర్లలో చాలావాటికి ముందు చక్రాలకు పవర్ లేదు, వెనక రెండింటికే. నాలుగు చక్రాలూ లాగే జీపు ఉన్నవాళ్లకి వానాకాలంలో గిరాకీ వేరుగా ఉండేది. రోడ్డు లేని ఊళ్లలో జ్వరం వచ్చినవాళ్లను డోలీలో మోసుకొస్తే, ఆ డోలీ వచ్చి ఆగేది జీపు దగ్గరే.

మామ నర్సీపట్నంలో ఒక జీపు మీద క్లీనర్‌గా చేరి, అక్కడ ఒక ముస్లిం మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాడు. ఆయనకి చదవడం రాదు. విప్పిన బోల్టులను గోనె సంచి మీద విప్పిన వరుసలోనే పేరుస్తాడు, అదే ఆయన పుస్తకం. డీజిల్ అయిపోయి ఆగిన బండికి డీజిల్ పోసినా స్టార్ట్ కాకపోతే ఎయిర్ పట్టిందని అంటాడు. ఫిల్టర్ దగ్గర స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు ఆగి ఒట్టి డీజిల్ వచ్చేదాకా చూసి బిగిస్తాడు. సైలెన్సర్ పొగ చూసి సగం చెప్పేస్తాడు. నల్ల పొగ అయితే డీజిల్ ఎక్కువ పడుతోంది, లేదా గాలి తక్కువ అందుతోంది. నీలం పొగ అయితే ఇంజిన్ ఆయిల్ మండుతోంది, రింగులు, బోరు చూడాలి. తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే డీజిల్ కాలకుండా పోతోంది, లేదంటే హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్లు చేరుతున్నాయి. ఆ సైన్యం పుస్తకాల్లో ఉన్న వరుస ఇదే. మామ ఆ పుస్తకం చూడలేదు.

ఇంక జీపు నుంచి కార్ల వైపు వెళ్దాం. జీపులో ఒక ఇబ్బంది ఉంది. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. బురదలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. పొడి తారు రోడ్డు మీద జారదు. అప్పుడు ముందు వెనక షాఫ్టుల మధ్య మెలి పడి స్టీరింగ్ బిగుసుకుంటుంది, గేర్లు, జాయింట్లు అరుగుతాయి. అందుకే మామ "బురద దాటగానే రాడ్ తీసెయ్యండ్రా" అని డ్రైవర్ల మీద అరుస్తుంటాడు.

ఎప్పుడూ నాలుగు చక్రాలూ లాగాలి, రోడ్డు మీద మెలి పడకూడదు అంటే ముందు వెనకల మధ్య తేడాను సర్దే ఇంకో భాగం కావాలి. దాని కోసం గట్టిగా కృషి చేసిన వాళ్లలో ట్రాక్టర్లతో పేరు తెచ్చుకున్న హ్యారీ ఫెర్గూసన్ ఒకడు. ఆయన పెట్టిన సంస్థ చేసిన ఏర్పాటుతోనే 1966లో ఇంగ్లండ్‌లో జెన్సెన్ ఎఫ్ఎఫ్ అనే కారు వచ్చింది. మామూలు రోడ్డు కారుకి ఆల్ వీల్ డ్రైవ్ పెట్టి అమ్మినవాటిలో అది తొలి బండి. దానికి ఆటోమేటిక్ గేర్ బాక్సే ఉండేది. చాలా ఖరీదు. మొత్తం 320 మాత్రమే చేశారు.

ఆటోమేటిక్ గేర్ బాక్స్ కథ అంతకుముందే మొదలైంది. 1939లో అమెరికాలో జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్ అనే గేర్ బాక్స్ ప్రకటించి 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో పెట్టింది. యుద్ధంలో తేలిక ట్యాంకుల్లో కూడా అదే వాడారు. ఇందులో క్లచ్ పెడల్ లేదు. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు, మధ్యలో ఆయిల్. ఇంజిన్ ఒక ఫ్యాన్‌ను తిప్పితే ఆయిల్ విసురుకి రెండోది తిరుగుతుంది. దాని వెనక గేర్ల గుంపులు. మధ్యలో ఒక గేరు, దాని చుట్టూ తిరిగే చిన్న గేర్లు, బయట పెద్ద రింగు. వీటిలో దేన్ని పట్టి ఆపితే దాన్నిబట్టి స్పీడు మారుతుంది. పట్టి ఆపేది లోపలి క్లచ్ ప్లేట్లు, పట్టీలు. వాటిని నొక్కేది ఆయిల్ ప్రెషర్. అంటే ఈ బాక్సులో ఆయిల్ ఒట్టి తడికోసం కాదు. బలం మోసేదీ అదే, గేరు మార్చేదీ అదే, వేడి తీసేదీ అదే. ఆయిల్ తగ్గినా, పాతబడినా మొత్తం తేడా చేస్తుంది.

ఈ రెండూ, అంటే నాలుగు చక్రాల లాగుడూ ఆటోమేటిక్ బాక్సూ, మామూలు జనం బండ్లలో కలిసింది 1970ల నుంచి. అమెరికాలో 1973 మోడల్ నుంచి జీప్ వాగనీర్ లాంటి పెద్ద బండ్లలో క్వాడ్రా-ట్రాక్ అనే ఏర్పాటు వచ్చింది. రాడ్ వేసే పని లేదు, ఎప్పుడూ నాలుగు చక్రాలూ లాగుతాయి. దాంతో పాటు టర్బో హైడ్రామాటిక్ 400 గేర్ బాక్స్. జపాన్‌లో మంచు కొండల్లో కరెంటు లైన్లు చూసుకునే తొహొకు ఎలక్ట్రిక్ పవర్ సంస్థ తమ మనుషులకి పనికొచ్చే బండి కావాలని అడిగితే, 1971లో సుబారు వాళ్లు ఒక చిన్న కారుకి ఫోర్ వీల్ డ్రైవ్ పెట్టి ఇచ్చారు. 1972లో లియోన్ బండిగా అమ్మకానికి తెచ్చారు. తర్వాత పదేళ్లకి వాటిలో ఆటోమేటిక్ కూడా వచ్చింది. 1980లో జర్మనీ ఆడి క్వాట్రో వచ్చింది. అదే ఏడాది మోడల్‌గా అమెరికాలో ఏఎంసీ ఈగిల్ అనే ఆల్ వీల్ డ్రైవ్ కారు వచ్చింది. మొదట్లో అది ఆటోమేటిక్‌తోనే దొరికేది. 1987 దాకా సుమారు 2 లక్షల బండ్లు చేశారు.

ఇక్కడి నుంచే రిపేరు పని మారింది. మామ చూసే జీపులో ఏ భాగం పని ఏమిటో కంటికి కనిపిస్తుంది. ఈ కొత్త బండ్లలో ఒకదాని తప్పు ఇంకోదాని మీద పడుతుంది. రెండు ఉదాహరణలు చెబుతాం.

మొదటిది ఆ టర్బో హైడ్రామాటిక్ 400. బండి తెల్ల పొగ కక్కుతుంది. ఎవరైనా ఇంజిన్ పోయిందనే అంటారు. కానీ ఆ గేర్ బాక్స్ పక్కన మాడ్యులేటర్ అనే చిన్న డబ్బా ఉంటుంది. ఇంజిన్ ఎంత బరువు లాగుతోందో గేర్ బాక్స్‌కి తెలియడానికి ఇంజిన్ నుంచి ఒక సన్న గొట్టం దానికి వస్తుంది. డబ్బాలో రబ్బరు పొర చిరిగితే ఇంజిన్ ఆ గొట్టంలోంచి గేర్ ఆయిల్‌ను పీల్చి కాల్చేస్తుంది. కింద ఎక్కడా లీకు ఉండదు, ఆయిల్ మాత్రం తగ్గిపోతుంటుంది. కనిపెట్టడం తేలిక. ఆ గొట్టం పీకి చూస్తే లోపల ఎర్ర ఆయిల్ కనబడుతుంది. డబ్బా మారిస్తే చాలు. ఇది తెలియక ఇంజిన్ విప్పితే ఆ ఖర్చంతా వృథా.

రెండోది 1990ల నాటి సుబారు ఆటోమేటిక్ కార్లు. మలుపు తిరిగేటప్పుడు ఎవరో బ్రేకు పట్టినట్టు బిగుసుకుంటుంది. వెనక చక్రాలకి బలం పంపే క్లచ్ ప్లేట్లు వదలకపోతే అలా అవుతుంది. అందుకని ఆ ఇంజినీర్లు బానెట్ కింద ఒక ఖాళీ ఫ్యూజు గడి పెట్టారు. దాంట్లో ఫ్యూజు పెడితే వెనక చక్రాలకి బలం ఆగిపోవాలి. ఫ్యూజు పెట్టాక బిగుతు పోయిందంటే ప్లేట్లు, వాల్వు పనిచేస్తున్నట్టే, టైర్లు, సెన్సర్లు చూసుకోవాలి. పోలేదంటే తప్పు లోపల ఉంది. అప్పుడు కూడా గేర్ బాక్స్ మొత్తం దించక్కర్లేదు, వెనక తోక భాగం విప్పితే సరిపోతుంది. చిన్న ఫ్యూజుతో పెద్ద ఖర్చు ఆపొచ్చు.

1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఒకే రకం కంప్యూటర్ సాకెట్ తప్పనిసరి చేశారు. స్కానర్ పెడితే కోడ్ వస్తుంది. అంతకుముందు బండ్లలో లైటు ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టుకుని కోడ్ చదివేవారు. దీంతో మెకానిక్ పని అయిపోయిందని కొందరు అనుకున్నారు. కోడ్ చెప్పేది ఎక్కడ తేడా ఉందనే, ఎందుకు ఉందో చెప్పదు. ఒక సెన్సర్ కోడ్ వచ్చిందంటే సెన్సరే పోయి ఉండొచ్చు, వైరు తెగి ఉండొచ్చు, ఆ సెన్సర్ నిజమే చెబుతూ ఉండొచ్చు కూడా.

ఇప్పుడు మా సంగతి. పోయిన వేసవి సెలవుల్లో మాలో ఇద్దరు విశాఖలో ఒక గ్యారేజీలో హెల్పర్లుగా చేరారు. ఆ ఇద్దరిలో ఒకడు "కూలి" అని రాసినవాడు. టీలు తేవడం, నేల తుడవడం, చక్రం నట్లు విప్పడం, అదీ పని. ఒకరోజు పాత ఆల్ వీల్ డ్రైవ్ ఆటోమేటిక్ కారు ఒకటి వచ్చింది. మలుపులో మూలుగుతుంది, కుదుపుతుంది. ఇంకా డ్రైవ్‌లో వేశాక కదలడానికి రెండు మూడు సెకన్లు తీసుకుంటుంది. గ్యారేజీలో స్కానర్ పెట్టారు, కోడ్ రాలేదు. బాక్స్ దించాలి, లక్ష దాటుతుంది అన్నారు.

మావాడు చక్రాలు విప్పుతూ చూశాడు. వెనక టైర్లు రెండూ కొత్తవి, ముందువి బాగా అరిగినవి. వాళ్ల నాన్న చేసినట్టే దారం చుట్టి కొలిచాడు. చుట్టుకొలతలో దాదాపు రెండు వేళ్ల తేడా. అంటే బండి తిన్నగా వెళ్తున్నా ముందు చక్రాలు, వెనక చక్రాలు వేరే స్పీడులో తిరుగుతున్నాయి. మధ్యలో ఉన్న ప్లేట్లు రోజంతా రాసుకుంటున్నాయి. ఆ మాట చెబితే ముందు నవ్వారు. "నువ్వెక్కడ చదివావురా?" అని అడిగారు. వాడు జవాబు చెప్పలేదు. ఒక పెద్ద మెకానిక్ మాత్రం వచ్చి దారం తీసుకుని మళ్లీ కొలిచాడు. నాలుగూ ఒకే రకం టైర్లు వేయించి, మాడు వాసన వస్తున్న ఆయిల్ మార్చారు. మూలుగు పోయింది.

అయితే మావాడు గెలిచాడని కథ చెప్పడం లేదు. డ్రైవ్‌లో వేసినప్పటి ఆలస్యం పోలేదు. మూడు వారాలకి ఆ కారు మళ్లీ వచ్చింది, బాక్స్ దించక తప్పలేదు. లోపల సీళ్లు ఏళ్ల వేడికి గట్టిపడి, ప్రెషర్ నిలవడం లేదు. అంటే రెండు జబ్బులున్న బండి అది. మావాడు ఒకటి పట్టాడు, వాళ్లు ఇంకోటి పట్టారు. బాక్స్ విప్పేటప్పుడు ఆ పెద్ద మెకానిక్ మావాణ్ణి పక్కన నిలబెట్టుకున్నాడు. ప్లేట్లు ఒక్కొక్కటీ తీసి వరుసగా పెట్టమన్నాడు. అది వాడికి చిన్నప్పటి నుంచీ వచ్చిన పనే.

మా నోట్‌బుక్‌లో రాసుకున్న వరుస ఇది. ఎవరైనా ఈ పనిలోకి వెళ్లేవాళ్లు ఉంటే ఉపయోగపడుతుంది.

1. ముందు నడిపే మనిషిని అడగాలి. ఎప్పుడు మొదలైంది, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఈ మధ్య ఏం మార్చారు.
2. నాలుగు టైర్లూ, గాలీ చూడాలి.
3. గేర్ ఆయిల్ మట్టం, రంగు, వాసన చూడాలి. ఎర్రగా ఉంటే మంచిది. నల్లబడి మాడు వాసన వస్తే ప్లేట్లు కాలాయి. పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్ నీళ్లు కలిశాయి. కంపెనీ చెప్పిన ఆయిల్ రకమే పోయాలి.
4. ఇంజిన్ సరిగా ఉందా చూడాలి. ఒక ప్లగ్గు సరిగా కాల్చకపోయినా బండి కుదుపుతుంది, జనం గేర్ బాక్స్‌ను తిడతారు. ఇంజిన్, గేర్ బాక్స్ కింద ఉండే రబ్బరు మౌంట్లు తెగినా అంతే.
5. వైర్లు, ఫ్యూజులు, గొట్టాలు, తర్వాత కోడ్లు.
6. ఆయిల్ ప్రెషర్ కొలవాలి. బ్రేకు గట్టిగా పట్టి, డ్రైవ్‌లో వేసి, యాక్సిలరేటర్ తొక్కి ఇంజిన్ ఎంత తిరుగుతోందో చూసే పరీక్ష ఒకటి ఉంది. ఐదు సెకన్లు దాటకూడదు, ముందు ఎవరూ నిలబడకూడదు, అనుభవం ఉన్నవాళ్లే చేయాలి. కంపెనీ చెప్పిన దానికన్నా ఎక్కువ తిరిగితే లోపల క్లచ్‌లు జారుతున్నాయి. తక్కువ తిరిగితే ఇంజిన్‌లో బలం లేదు, లేదా ఫ్యాన్ల భాగంలో తేడా ఉంది.
7. ఇవన్నీ అయ్యాకే పానా పట్టుకుని బాక్స్ కిందికి వెళ్లాలి.

సెలవులయ్యాక ఊరెళ్లి మామకి అంతా చెప్పాం. మొదటి మాట, "టైర్లు చూడకుండా బాక్స్ ఎలాగ దించేస్తార్రా?" అని. తర్వాత కాసేపు ఊరుకుని, "ఆ బాక్స్ లోపల ఎలాగుంటాది? బొమ్మ గానీ ఉందా?" అని అడిగాడు. ముప్పై ఏళ్లుగా ఎవరూ ఆయనకి బొమ్మ గీసి చూపించలేదు. ఆయన కూడా ఎవరినీ అడగలేదు. నోట్‌బుక్‌లో ఒక పేజీ నిండా గీశాం. మధ్య గేరు, చుట్టూ చిన్న గేర్లు, బయట రింగు. మామ వేలితో ఒక్కొక్కటీ తాకి చూసి, "ఏదో ఒకదాన్ని పట్టి ఆపితే మిగతావి దాన్నిబట్టి తిరుగుతాయన్నమాట" అన్నాడు. మేం ఒక పూట చదివి అర్థం చేసుకున్నది అదే.

ఇప్పుడు ఆటోలు, వ్యాన్లు వచ్చాయి. జీపులు ఒక్కొక్కటీ తుక్కుకి పోతున్నాయి. మామ షెడ్డు ముందు రెండే ఉన్నాయి. జీపులతో పాటు ఆయన తెలివి కూడా తుక్కులోకి పోకూడదని మా బాధ. ఐటీఐలో మోటార్ మెకానిక్ కోర్సు ఉంది, మన పిల్లలు కొందరు చేరుతున్నారు, మంచిదే. కానీ సర్టిఫికెట్ వచ్చినవాడు రానివాడిని చిన్నచూపు చూడటం మన ఇళ్లలోకి రాకూడదు.

మీ మండలంలో కూడా ఇలాంటి మామలు, పెద్దయ్యలు ఉంటారు. జీపు మేస్త్రీ కావచ్చు, పంపుసెట్టు బాగుచేసేవాళ్లు కావచ్చు, రైస్ మిల్లు ఇంజిన్ చూసేవాళ్లు కావచ్చు. ఎక్కడ నేర్చుకున్నారు, ఎవరు నేర్పారు, ఏ లక్షణానికి ఏం చూస్తారు, ఇవన్నీ అడిగి రాసుకోండి. వాళ్లు చెప్పేది రాసుకోండి, మీరు చదివింది వాళ్లకి బొమ్మ గీసి చూపించండి.

ఈ ఏడాది ఫారాలు ఇంకా రాలేదు. ఆ గడిలో ఏం రాస్తావని మావాణ్ణి మేం అడగలేదు. నోట్‌బుక్ మాత్రం వాడి దగ్గరే ఉంచాం. మొదటి పేజీలో మామ పేరు, దాని కింద "జీపు మెకానిక్" అని వాడే రాసుకున్నాడు.

తప్పులుంటే పెద్దవాళ్లు దిద్దండి. జోహార్.